దిగమంటే దిగినాడు
(కర్నూలు గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, గ్రంథాలయం వారికి, కాలేజీ నుంచి నడిచి వచ్చిన డిగ్రీ పిల్లలకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చెప్పడం మొదలుపెడితే నాకిచ్చిన ఇరవై నిమిషాల్లో ఐదు వాటికే పోతాయి. మన్నించాలి.

'పట్టు కోల్పోయిన ముఖ్యమంత్రి మళ్ళీ పుంజుకోగలడా?' అన్నది నాకిచ్చిన అంశం. అన్ని రాష్ట్రాల సంగతులూ ఏరి నాలుగు పేజీలు రాసుకున్నాను. నిన్న రాత్రి వేరే కాగితం కోసం మా నాయన ట్రంకుపెట్టె తెరిస్తే ఇదిగో, ఈ ఇత్తడి బిళ్ళ చేతికి తగిలింది. ప్రైవేటు బస్సు కండక్టర్లు చొక్కాకు పెట్టుకునే బిళ్ళ. ఆ నాలుగు పేజీలు ఇంట్లోనే వదిలేసి ఇది జేబులో వేసుకుని వచ్చాను.

ఈ మాట మాట్లాడుకోవడానికి కర్నూలు తగిన ఊరు. 1953 అక్టోబరు 1 నుంచి మూడేళ్ళు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని ఇదే. మన పెదపాడు బిడ్డ దామోదరం సంజీవయ్య గారు 1960లో ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలో తొలి దళిత ముఖ్యమంత్రి ఆయనే. 1962లో ఆ పదవి పోయాక కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు, కేంద్రమంత్రి అయ్యారు. కోట్ల విజయభాస్కర రెడ్డి గారు 1982 సెప్టెంబరులో ముఖ్యమంత్రి అయితే, నాలుగు నెలలు నిండకముందే ఎన్టీఆర్ ప్రభంజనంలో ప్రభుత్వం పోయింది. పదేళ్ళకు, 1992లో మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నారు. ఇద్దరూ పెద్ద మనుషులే, ఇద్దరి మీదా నాకు గౌరవం ఉంది. కానీ ఆ పదవులు ఢిల్లీ పిలిచి ఇచ్చినవి. జనం దగ్గర పోయిన పట్టు జనం దగ్గరే తెచ్చుకోవడం వేరే సంగతి.

అందుకే నీలం సంజీవరెడ్డి గారి దగ్గరికి వస్తున్నాను. అనంతపురం జిల్లా ఇల్లూరు ఆయనది. 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి. 1962లో రెండోసారి అయ్యారు. మన బస్సుల గొడవ ఆ రెండో విడతలోనే వచ్చింది.

పిల్లలూ, ఇది మీకు ఎవరూ చెప్పి ఉండరు. బస్సు రూట్లను జాతీయం చేసే పని జిల్లాల వారీగా సాగుతోంది. మన వంతు రావాల్సిన సమయం కాకుండానే కర్నూలు జిల్లా పడమటి వైపు రూట్లను ముందుకు తెచ్చారు. ఇదంతా ముఖ్యమంత్రి తన రాజకీయ ప్రత్యర్థుల మీద కక్షతో చేయించిందని బస్సు యజమానులు కోర్టుకెక్కారు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. అంత ఆరోపణ మీద పడినా, కాదని ముఖ్యమంత్రి స్వయంగా ఒక్క అఫిడవిట్ వేయలేదు. కోర్టు దాన్నే పట్టుకుంది. దురుద్దేశం ఉందని చెప్పి ఆ పథకాన్ని కొట్టేసింది. 1964 ఫిబ్రవరిలో సంజీవరెడ్డి గారు రాజీనామా చేశారు.

మా నాయన ఆదోని వైపు తిరిగే ప్రైవేటు బస్సులో కండక్టరు. నాకప్పుడు నాలుగేళ్ళు. రాత్రి ఇంటికొచ్చి తోలుసంచి చాప మీద బోర్లిస్తే అణాలూ నయాపైసలూ కలిసి దొర్లిన చప్పుడు ఒక్కటే గుర్తుంది. కేసు యజమానులు గెలిచారు. కానీ మా నాయన పనిచేసే బస్సు యజమాని తీర్పు దాకా ఓర్చుకోలేకపోయాడు. రూటు ఎలాగూ పోతుందన్న భయంతో ఉన్న రెండు బండ్లూ అయినకాడికి అమ్మేశాడు. మా నాయన బిళ్ళ పెట్టెలో పెట్టి, నంద్యాల పక్కన మా ఊరికొచ్చి ఒకరి మడిలో కూలికి దిగాడు. ఆ తర్వాత పదమూడేళ్ళు మా ఇంట్లో సంజీవరెడ్డి పేరెత్తకూడదు. పేపర్లో ఆయన ఫొటో వస్తే ఆ పేజీ మడిచి తిరగేసి పెట్టేవాడు.

ఆ లోపల ఆయనకు ఏమేం జరిగిందో త్వరగా చెబుతాను. రాజీనామా చేసిన నాలుగు నెలలకే ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి గారు కేంద్రమంత్రిని చేశారు. 1967లో లోక్‌సభ స్పీకరు. 1969లో రాష్ట్రపతి ఎన్నికకు నిలబడితే సొంత పార్టీ ప్రధానమంత్రి ఇందిరాగాంధీయే, పార్టీ అభ్యర్థి అని చూడకుండా అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటేయమన్నారు. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాక, ఎదురు నిలబడిన వి.వి. గిరి గారికి 4,20,077, ఈయనకు 4,05,427. స్పీకరు పదవి ముందే వదిలేసి ఉన్నారు. అనంతపురం వచ్చి సేద్యం చేసుకున్నారు. ఇంతటితో ఆయన పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు.

1977 మార్చి లోక్‌సభ ఎన్నికల్లో జనతా పార్టీ తరఫున నంద్యాలలో నిలబడ్డారు. పోలింగు రోజు మా నాయన పొద్దున్నే తలకు పోసుకుని, ఉతికిన పంచె కట్టుకుని, పెట్టె తెరిచి ఈ బిళ్ళ తీసి జేబులో వేసుకున్నాడు. అప్పట్లో ఓటుకు ఇరవై ఒక్కేళ్ళుండాలి, నాకు పదిహేడు. వెంట నడిచాను. తిరిగొచ్చేటప్పుడు చెరువుకట్ట మీద అడిగాను.

"ఎవరికేసినావు నాయనా?"

"సంజీవరెడ్డికి."

"మన బస్సు పోగొట్టినాయనకా?"

చాలాదూరం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు. "పోగొట్టినాడు. కోర్టు తప్పనింది. దిగమంటే దిగినాడు. ఎంతమంది దిగుతారు రా?"

రాష్ట్రంలో ఉన్న 42 స్థానాల్లో 41 కాంగ్రెస్ గెలిచింది. మిగిలిన ఆ ఒక్కటీ మన నంద్యాల. అదే ఏడాది జులైలో ఆయన రాష్ట్రపతి. నామినేషన్లు వేసిన 37 మందిలో మిగతా 36 మందివీ తిరస్కరించారు, పోటీ లేకుండా ఎన్నికయ్యారు. ఆ పదవిలో ఆయన చేసిందంతా నేను మెచ్చుకోను. 1979లో జగ్జీవన్ రామ్ గారికి ప్రభుత్వం ఏర్పాటు చేసే అవకాశం ఇవ్వకుండా లోక్‌సభను రద్దు చేయడం అన్యాయమనే అంటాను. మా నాయన కూడా అదే అన్నాడు. అన్నా సరే, వేసిన ఓటుకు చింతపడలేదు.

నాకిచ్చిన ప్రశ్నకు మా నాయన చెరువుకట్ట మీదే జవాబు చెప్పాడని నా నమ్మకం. పుంజుకోవచ్చు. పిల్లలూ, మీరు ఫోన్లో ఎవరికో 'ఆయన పనైపోయింది' అని మెసేజ్ పెట్టేముందు ఒక్క సంగతి చూడండి. ఆయన తప్పు బయటపడ్డప్పుడు కుర్చీ దిగాడా, కుర్చీని పట్టుకుని వేలాడాడా? ఎవరి పొట్ట కొట్టాడో ఆ మనిషి కూడా చూసేది దాన్నే. మా ఇంట్లో చూశాను కాబట్టి చెబుతున్నాను.

గ్రంథాలయం వారికి ఒక్క విన్నపం. దేశమంతా చదువుకునే ఆ తీర్పు మన ఊరి బస్సుల మీద వచ్చింది. దాని తెలుగు పాఠం ఒకటి ఇక్కడి అల్మరాలో ఉండాలి. తర్జుమా నేను చేస్తాను, కళ్ళు ఇంకా బాగానే ఉన్నాయి. ఆ కాలపు పర్మిట్లు, టికెట్టు ముక్కలు, ఫొటోలు మీ ఇళ్ళల్లో ఉంటే పారేయకండి, తెచ్చివ్వండి. ఆదోని, ఆలూరు, పత్తికొండ వైపు వాళ్ళు మరీ ముఖ్యంగా.

ఈ బిళ్ళ ఈ రోజు నుంచి ఇక్కడే ఉంటుంది. ముందు వరస నుంచి చేతులు మార్చండి. నంబరు అరిగిపోయింది, కంటికి కనపడదు. బొటనవేలితో తడిమి చూడండి, తెలుస్తుంది.