మెమరీ ఎక్కువైతే 'మెమరీ లేదు' అంటుంది
(నెల్లూరులో రైస్ మిల్లుల గుమాస్తాలు, కంప్యూటర్ ఆపరేటర్ల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో రాసిన లెక్కల ప్రోగ్రాములు మీరు ఇంకా ఎందుకు వాడుతున్నారని బయటి ఊళ్ళవాళ్ళు ఆశ్చర్యపోతుంటారు. మన నెల్లూరు ధాన్యం కొలత పుట్టి అంటే 850 కిలోలని వాటికి తెలుసు కాబట్టి! తేమకు ఎంత కోయాలో, గోతాం బరువు ఎంత తీసెయ్యాలో మీ మిల్లు పద్ధతి అంతా అందులో ఉంది. అందుకని వాటిని పారెయ్యమని నేను చెప్పను. పాత కంప్యూటర్ పోయి కొత్తది వచ్చిన రోజున ఏం చెయ్యాలో మాత్రం చెబుతాను.

అన్నిటికంటే ముందు ఒక మాట. లెక్కల పుస్తకం వేరు, అది రాసే గుమాస్తా వేరు. డేటా ఉండే డీబీఎఫ్ ఫైళ్ళు పుస్తకం, ప్రోగ్రాము గుమాస్తా. తెర మీద ఎర్రర్ వచ్చినంత మాత్రాన లెక్కలు పోయినట్టు కాదు. మొత్తం ఫోల్డర్‌ను ముందు వేరే చోటికి కాపీ చేసుకోండి. డీబీఎఫ్ ఒక్కటే తీసుకుంటే చాలదు. పక్కన అదే పేరుతో ఎఫ్‌పీటీ ఫైలు ఉంటే మెమో రాతలు, అంటే పొడుగాటి నోట్సు, అందులో ఉంటాయి, అది లేకపోతే టేబుల్ తెరుచుకోదు. ఏ రిపేరైనా కాపీ మీదే.

ఇక కొత్త మెషీన్‌లో డాస్ ప్రోగ్రామును, అంటే విండోస్‌కు ముందు కాలం నాటిదాన్ని, డబుల్ క్లిక్ చేస్తే 'దిస్ యాప్ కాంట్ రన్ ఆన్ యువర్ పీసీ' అంటుంది. పాతవి 16 బిట్‌వి. 64 బిట్ విండోస్‌లో వాటిని నడిపే భాగమే లేదు. విండోస్ 11 అయితే 64 బిట్‌లోనే వస్తుంది. కాంపాటిబిలిటీ మోడ్ ఎన్నిసార్లు మార్చినా ఉపయోగం లేదు, ఆ టైమ్ వేస్ట్ చేసుకోవద్దు. పాత డాస్ ప్రోగ్రాములను కొత్త మెషీన్‌లో నడిపించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వాటిలో డాస్‌బాక్స్ అందరికీ తెలుసు గానీ అది ఆటల కోసం చేసింది, ప్రింటింగ్ దగ్గర ఏడిపిస్తుంది. వీడాస్ అనేది ఇలాంటి ఆఫీసు ప్రోగ్రాముల కోసమే చేశారు. నా ఓటు దానికే.

సరే, ప్రోగ్రాము మొదలైంది. ఇప్పుడు అసలు తమాషా.

"అబ్బయా, కొత్తది కొన్నాం, ఇంత మెమరీ వేయించాం, మెమరీ లేదంటుందే?" అని ఫోన్ వస్తుంది. ఉన్నది ఎక్కువైంది కాబట్టే అలా అంటుంది. 1990ల మొదట్లో కంప్యూటర్‌కు నాలుగైదు మెగాబైట్లు ఉంటే గొప్ప. ఇన్ని గిగాబైట్లు చూస్తే ఆ ప్రోగ్రాము లెక్క తప్పుతుంది. కాన్ఫిగ్ డాట్ ఎఫ్‌పీ అనే ఫైల్లో మెమ్‌లిమిట్ అని ఒక హద్దు పెడితే సర్దుకుంటుంది.

డిస్క్ కథా అంతే. కొన్ని పాత ప్రోగ్రాములు ఖాళీ స్థలాన్ని ప్లస్సూ మైనస్సూ రెండూ పట్టే 32 బిట్ల సంఖ్యలో లెక్కపెట్టేవి. అందులో పట్టే పెద్ద సంఖ్య 2,147,483,647, అంటే 2 గిగాబైట్లు. అంతకు మించితే మైనస్‌లోకి పోతుంది. మైనస్ చూసి 'స్థలం లేదు' అంటుంది పాపం. అప్పుడు డిస్క్ ఖాళీ చేస్తూ కూర్చుంటే జబ్బు ఇంకా ముదురుతుంది!

వేగం సంగతి చూడండి. ఫాక్స్‌ప్రో 2.6 విండోస్ వెర్షన్ మొదలవుతూనే 'డివైడ్ బై జీరో' అని ఆగిపోయేది. అది మొదట మెషీన్ ఎంత వేగమో కొలిచేది: ఒక లూప్ తిప్పి, పట్టిన సమయంతో భాగించేది. ప్రాసెసర్లు వేగమయ్యేసరికి ఆ సమయం సున్నా అయింది. మైక్రోసాఫ్ట్ దీనికి ప్యాచ్ కూడా ఇచ్చింది. కాబట్టి పాత ప్రోగ్రాము ఏదైనా 'లేదు' అంటే, ఎక్కువైందేమో ముందు చూడండి.

ఫాక్స్‌ప్రో తర్వాత వచ్చిన విజువల్ ఫాక్స్‌ప్రో వాడేవాళ్ళకు వేరే చిక్కు. అది 32 బిట్, కొత్త విండోస్‌లోనూ నడుస్తుంది. ఎర్రర్ ఏమీ రాదు, అదే ప్రమాదం. ఓనర్ లాగిన్‌లో రైతు బాకీ ఒకటి, గుమాస్తా లాగిన్‌లో ఇంకొకటి కనిపిస్తుంది. ఇద్దరూ ఒకరినొకరు అనుమానించుకుంటారు. జరిగిందేమిటంటే, డేటా ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో ఉంది. విండోస్ విస్టా వెర్షన్ నుంచి అక్కడ మామూలు యూజర్‌ను రాయనివ్వరు. పాత ప్రోగ్రాము రాయబోతే విండోస్ చడీచప్పుడు లేకుండా ఆ యూజర్ సొంత వర్చువల్‌స్టోర్ ఫోల్డర్‌లో ఒక కాపీ పెట్టి, అందులో రాయిస్తుంది. యాప్‌డేటాలో లోకల్ కింద వెతకండి, దొరుకుతుంది. రెండు కాపీల్లోనూ ఎంట్రీలు పడి ఉంటే బిల్లులు ముందు పెట్టుకుని చేత్తో కలపాల్సిందే, దానికి అడ్డదారి లేదు. ఆ తర్వాత డేటాను సీ డ్రైవ్‌లో విడిగా ఒక ఫోల్డర్ పెట్టి అందులోకి మార్చండి.

ఇండెక్స్, అంటే లెక్కలు త్వరగా వెతకడానికి ఉండే సూచిక, సరిపోలడం లేదని వస్తే కంగారు వద్దు. అందరినీ ప్రోగ్రాములోంచి బయటికి రమ్మని, మెనూలో రీఇండెక్స్ నొక్కండి. ప్రింటర్‌కైతే, యూఎస్‌బీ ప్రింటర్‌ను షేర్ చేసి నెట్ యూజ్ కమాండ్‌తో ఎల్‌పీటీ1కి, అంటే పాత ప్రోగ్రాములు ప్రింటర్ కోసం వెతికే పోర్టుకి, కలిపితే చాలావరకు పని జరుగుతుంది.

పాత సంవత్సరాల లెక్కలు చూడ్డానికి మాత్రమే అయితే ఇంత టెన్షన్ అక్కర్లేదు, డీబీఎఫ్ కాపీని లిబ్రేఆఫీస్ క్యాల్క్‌లో తెరవొచ్చు. రోజువారీ ఎంట్రీలు వేసేవాళ్ళు మాత్రం ఇంకో ప్రోగ్రాము రాయించే ఆలోచన మొదలుపెట్టండి. విజువల్ ఫాక్స్‌ప్రోకు సపోర్ట్ 2015 జనవరిలోనే ఆగిపోయింది. రాయించేటప్పుడు పుట్టి లెక్క, కోతల లెక్క కాగితం మీద రాసి ఇవ్వండి, ప్రోగ్రాము రాసే అబ్బాయికి అవి తెలియకపోవచ్చు.

డేటా పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నవాళ్ళు భోజనాలయ్యాక నా దగ్గరికి రండి, కలిసి చూద్దాం.