స్పానిష్‌లో చెడిపోయినవన్నీ ఇంగ్లీష్‌లో 'గెట్ వర్స్' కావు

[తెర మీద పత్రిక శీర్షిక: ఎల్ ఎఫె-ఎమె-ఇ ఎంపెయొరా సుస్ ప్రెబిసియోనెస్ దె క్రెసిమియెంతొ]

నమస్కారం. స్పానిష్ పత్రికల ఆర్థిక పేజీల్లో తరచూ కనిపించే తరహా శీర్షిక ఇది. ఎఫె-ఎమె-ఇ అంటే మనం ఐఎంఎఫ్ అనే సంస్థ. ప్రెబిసియోనెస్ అంటే అంచనాలు, క్రెసిమియెంతొ అంటే వృద్ధి. మధ్యలో ఉన్న 'ఎంపెయొరా' సంగతి ఏంటి? డిక్షనరీలో ఎంపెయొరార్ అని వెతికితే 'టు వర్సెన్' అని ఉంటుంది. దాన్ని అలాగే పట్టుకుని 'ది ఐఎంఎఫ్ వర్సెన్స్ ఇట్స్ గ్రోత్ ఫోర్‌కాస్ట్స్' అని రాసేస్తే, చదివేవాళ్ళకి పాపం ఐఎంఎఫ్‌లో లెక్కలు వేసేవాళ్ళకి పని చేతకావడం లేదేమో అనిపిస్తుంది.

ఇక్కడ రాయాల్సింది 'కట్స్' లేదా 'లోయర్స్'. మన పేపర్లో అయితే 'వృద్ధి అంచనాను తగ్గించిన ఐఎంఎఫ్' అని వేస్తారు. వృద్ధి విషయంలో చెడు అంటే తగ్గడమే కదా. అదే శీర్షికలో వృద్ధి బదులు నిరుద్యోగం ఉందనుకోండి, ఇంగ్లీష్‌లో 'రెయిజెస్' అని రాయాలి. అక్కడ చెడు అంటే పెరగడం. స్పానిష్ క్రియ మారలేదు, ఇంగ్లీష్ క్రియ మాత్రం పూర్తిగా తిరగబడింది.

అందుకే ఈ రకం క్రియలు ఎదురైనప్పుడు నేను ముందు క్రియని చూడను. చెడిపోతున్నది ఏంటో చూస్తాను. తెలుగు వాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. పాలు విరుగుతాయి, పెరుగు పులుస్తుంది, రోగం ముదురుతుంది, ఆరోగ్యం క్షీణిస్తుంది, వైద్యం వికటిస్తుంది, ప్రమాణాలు దిగజారతాయి. 'పాలు ముదిరాయి' అని ఎవరూ అనరు, చిన్నపిల్లలు కూడా అనరు. స్పానిష్‌లో, ఇంగ్లీష్‌లో కూడా ఇలాంటి జతలు ఉన్నాయి. కాకపోతే ఈ భాషలో జత ఆ భాషలో జతతో కలవదు. చిక్కంతా అక్కడే.

ఉచ్చారణ గురించి ఒక్క మాట. నేను లాటిన్ అమెరికా పద్ధతిలో పలుకుతున్నాను. 'వి' అక్షరం రాసి ఉన్నచోట 'బ' వినిపిస్తుంది, కంగారు పడకండి.

[తెర మీద రెండు మాటలు పక్కపక్కనే: ఎస్త్రొపెయార్ / ఎస్త్రొపెయార్సె]

ముందు 'సె' సంగతి తేల్చుకుందాం, ఎక్కువమంది తప్పులు చేసేది ఇక్కడే. ఎస్త్రొపెయార్ అంటే పాడుచేయడం. చివర 'సె' చేరి ఎస్త్రొపెయార్సె అయితే పాడైపోవడం. మనకి పాడుచేయడం–పాడైపోవడం, చెడగొట్టడం–చెడిపోవడం ఉన్నట్టే. ఇంగ్లీష్ చాలాచోట్ల ఈ తేడాని మాటలో చూపించదు. 'ది హీట్ స్పాయిల్డ్ ది మీట్' అన్నా 'ది మీట్ స్పాయిల్డ్' అన్నా అదే స్పాయిల్. వర్సెన్ కూడా అంతే, రెండు వైపులా పనిచేస్తుంది.

ఇంతవరకు హాయిగానే ఉంది. అసలు గుంట ముందుంది. ఇంగ్లీష్‌లో కొన్ని క్రియలు ఒక్క వైపే పనిచేస్తాయి, అవే స్పానిష్ మాటల్లా కనిపించి మోసం చేస్తాయి. 'ల క్రిసిస్ సె అగ్రబో' అని ఉందనుకోండి. సంక్షోభం ముదిరింది అని. అగ్రబార్సె చూడగానే అగ్రవేట్ గుర్తొస్తుంది, 'ది క్రైసిస్ అగ్రవేటెడ్' అని రాసేస్తాం. తప్పు. అగ్రవేట్‌కి ఎప్పుడూ ఒక కర్మ కావాలి, ఏదో ఒకటి ఆ సంక్షోభాన్ని అగ్రవేట్ చేయాలి. దానంతట అది ముదిరితే 'డీపెన్డ్' అనో 'వర్సెన్డ్' అనో రాయాలి. పైగా మామూలు మాటల్లో అగ్రవేట్‌కి విసిగించడం అనే అర్థం కూడా ఉంది. ఎగ్జాసర్బేట్‌ది కూడా ఇదే తీరు.

డిటీరియరేట్ దీనికి సరిగ్గా రివర్స్. 'ఎల్ క్వాద్రొ సె దెతెరియొరో', బొమ్మ దెబ్బతింది. 'ది పెయింటింగ్ డిటీరియరేటెడ్', బాగానే ఉంది. కానీ 'ల ఉమెదాద్ దెతెరియొరో ఎల్ క్వాద్రొ', తేమ ఆ బొమ్మని దెబ్బతీసింది అన్నప్పుడు 'ది డాంప్ డిటీరియరేటెడ్ ది పెయింటింగ్' అంటే ఇంగ్లీష్ చెవికి గుచ్చుకుంటుంది. 'డామేజ్డ్' అని మార్చేయాలి. అంటే స్పానిష్‌లో రెండు వైపులా నడిచే ఒక్క దెతెరియొరార్‌కి ఇంగ్లీష్‌లో రెండు వేర్వేరు క్రియలు వస్తాయి.

ఎంపెయొరార్ మాత్రం మంచి పిల్ల. 'సె' లేకుండానే రెండు పనులూ చేస్తుంది. 'ఎల్ తియెంపొ ఎంపెయొరో' అంటే వాతావరణం పాడైంది. 'ల యూబియా ఎంపెయొరో ల సిత్వసియోన్' అంటే వాన వల్ల పరిస్థితి ఇంకా దిగజారింది. 'ఎంపెయొరార్సె' అనే రూపం కూడా వినిపిస్తుంది, తప్పు కాదు.

'సె' పక్కన 'మె' కూడా చేరితే? 'సె మె ఎస్త్రొపెయో ఎల్ కోచె.' కారు పాడైంది, ఇబ్బంది నాకొచ్చింది, కానీ పాడుచేసింది నేను కాదు. ఆ 'మె' ఇన్ని చెబుతుంది. మామూలుగా 'మై కార్ బ్రోక్ డౌన్' చాలు. కథలోనో సంభాషణలోనో ఆ చిరాకు కూడా రావాలంటే 'ది కార్ బ్రోక్ డౌన్ ఆన్ మీ' అని రాయొచ్చు. ఆ 'ఆన్ మీ' ఇంగ్లీష్‌లో నాకు నచ్చే చిన్న మాటల్లో ఒకటి.

[తెర మీద: పాల గిన్నె, రొట్టె, వెన్న, మాంసం]

వంటింట్లోకి వద్దాం. స్పానిష్‌లో పాలు విరిగితే 'ల లెచె సె కొర్తో', అక్షరాలా తెగిపోయాయి అని. 'కట్' అని రాయకండి, 'ది మిల్క్ కర్డిల్డ్'. మాంసం పాడైతే 'ల కార్నె సె ఎచో ఆ పెర్దెర్'. వైన్ పులిసిపోతే 'ఎల్ బీనొ సె పికో'. పికార్సె అనే మాట పన్ను పుచ్చినప్పుడు కూడా వస్తుంది, సముద్రం అల్లకల్లోలంగా ఉన్నప్పుడూ వస్తుంది, కాబట్టి చుట్టూ ఏముందో చూడకుండా ముట్టుకోవద్దు.

ఇంగ్లీష్ వైపు చూస్తే ఒక తమాషా. మీట్ గోస్ బ్యాడ్, బ్రెడ్ గోస్ స్టేల్, బటర్ గోస్ రాన్సిడ్. మనుషులు కూడా గో బాల్డ్, గో మ్యాడ్, గో బ్యాంక్‌రప్ట్. చెడు వైపు మారేవి చాలావరకు 'గో' అంటాయి. కల నిజమైతే మాత్రం 'కమ్ ట్రూ'. మంచి వస్తుంది, చెడు పోతుంది. మనమేం తక్కువ తిన్నామా? చెడిపోయింది, కుళ్ళిపోయింది, వాడిపోయింది, పాడైపోయింది, అన్నిట్లో ఆ 'పోయింది' ఉండనే ఉంది. అందుకే మన నోట 'పోయింది' అని వచ్చే చోట ఇంగ్లీష్‌లో ముందు 'వెంట్' సరిపోతుందేమో చూడండి. సగం సార్లు సరిపోతుంది. మాంసం విషయంలో బ్రిటిష్ వాళ్ళు 'వెంట్ ఆఫ్' అంటారు, అమెరికన్లు 'వెంట్ బ్యాడ్' అంటారు. ఎవరి కోసం అనువదిస్తున్నారో ముందే అడిగి పెట్టుకోండి.

మనకి చేతికందే ఉపాయం ఇంకోటి ఉంది. స్పానిష్‌లో 'బా ఎంపెయొరాందొ', 'ఫ్వె ఎంపెయొరాందొ', 'ఆ బెనీదొ ఎంపెయొరాందొ' అంటూ వెళ్ళడం, రావడం అనే క్రియలు వచ్చి కూర్చుంటాయి. ఇంగ్లీష్ మాత్రమే తెలిసినవాళ్ళు 'వెళ్తోంది–చెడుతూ' ఏంటి అని తికమకపడతారు. మనకి టెన్షన్ లేదు. 'ఆరోగ్యం క్షీణిస్తూ పోతోంది', 'పదేళ్ళుగా క్షీణిస్తూ వచ్చింది'. అచ్చం అదే. ఇంగ్లీష్‌కి ఆ వీలు లేదు కాబట్టి బయటినుంచి ఒక మాట అరువు తెచ్చుకోవాలి. 'బా ఎంపెయొరాందొ' అంటే 'ఈజ్ గెటింగ్ స్టెడిలీ వర్స్'. 'ఆ బెనీదొ ఎంపెయొరాందొ' అంటే 'హ్యాజ్ బీన్ గెటింగ్ వర్స్ ఓవర్ ది ఇయర్స్'. ఆ 'స్టెడిలీ', 'ఓవర్ ది ఇయర్స్' మూలంలో విడిగా లేవు కదా అని తీసేస్తే, మెల్లగా జరిగిన పతనం ఒక్కసారిగా కూలినట్టు అయిపోతుంది.

ఇక పత్రికలకి ఇష్టమైన మాట ఒకటి, రెక్రుదెసెర్. లాటిన్‌లో క్రూదుస్ అంటే పచ్చి. మానుతున్న పుండు మళ్ళీ పచ్చి పుండు కావడం, అదీ దీని మూలం. కాబట్టి అసలు అర్థం తగ్గుముఖం పట్టినది తిరగబెట్టడం. 'సె రెక్రుదెసెన్ లోస్ కొంబాతెస్' అనే శీర్షికకి 'ఫైటింగ్ ఫ్లేర్స్ అప్ అగైన్' అనొచ్చు. కానీ విలేకరులు విరామం లేకపోయినా, ఊరికే తీవ్రమైందని చెప్పడానికి కూడా ఈ మాట వాడేస్తారు. అప్పుడు 'ఇంటెన్సిఫైస్'. రెండిట్లో ఏదో తేలాలంటే వార్త మొత్తం చదవాలి, మధ్యలో నిజంగా ఓ నాలుగు రోజులు పోరు ఆగిందా లేదా అని. ఇంగ్లీష్‌లోనూ 'రిక్రుడెస్' అనే క్రియ ఉంది. దయచేసి వాడకండి.

పుండుకి వాడే ఇంకో మాట ఎంకొనార్సె. గాయం ఎర్రబడి చీము పట్టడం. వాదన అలా అయితే 'టర్న్డ్ బిటర్', ఏళ్ళ తరబడి నానిన తగాదా అయితే 'ఫెస్టర్డ్'. పోలిక ఇంగ్లీష్‌లో కూడా నిలబడే అరుదైన చోటు ఇది.

ఎన్రరెసెర్సె గురించి త్వరగా చెప్పేస్తాను. 'ఎల్ అంబియెంతె సె ఎన్రరెసియో' అంటే వాతావరణం 'రేర్' అవ్వలేదు, గదిలో అందరూ బిగుసుకుపోయారు అని. 'ది అట్మాస్ఫియర్ గ్రూ టెన్స్' అని ముగించండి.

[తెర మీద పటం: మెక్సికో, పెరూ, అర్జెంటీనా, స్పెయిన్]

తెలంగాణలో బండి ఖరాబైతది, కోస్తాలో పాడవుతుంది. స్పానిష్ ఇరవై దేశాల భాష, ఇంకెన్ని ఉంటాయో చూసుకోండి. ఫోన్ పాడైతే స్పెయిన్‌లో ఎస్త్రొపెయార్సె, మెక్సికోలో దెస్కొంపొనెర్సె, పెరూలో మలొగ్రార్సె, కొలంబియాలో దన్యార్సె. ఇంగ్లీష్‌లో ఇవన్నీ 'బ్రోక్' లేదా 'స్టాప్డ్ వర్కింగ్', అనువాదం తేలికే. మాటలు దేశం దాటినప్పుడే కష్టం. మలొగ్రార్సె పెరూలో మిక్సీకి కూడా వాడే మాట. స్పెయిన్‌లో అది కాస్త గంభీరం. 'సె మలొగ్రో ల కొసెచా' అంటే పంట చేతికి రాకుండా పోయింది. 'ఎల్ మలొగ్రాదొ పొయెతా' అంటే చిన్న వయసులో పోయిన కవి, పాడైపోయిన కవి కాదు!

అర్జెంటీనాలో ఎవరైనా 'మె దెస్కొంపూసె' అంటే తనకి ఒంట్లో బాగోలేదని, కడుపులో తిప్పిందనో కళ్ళు తిరిగాయనో. దాన్ని మెక్సికో అలవాటుతో 'ఐ బ్రోక్ డౌన్' అని మార్చారంటే ఇంగ్లీష్‌లో ఆ మనిషి భోరున ఏడ్చేసినట్టు అవుతుంది. 'ఐ ఫెల్ట్ సిక్' అని రాయాలి. టెక్సస్‌లాంటి చోట ఆసుపత్రుల్లో స్పానిష్ వినే మన డాక్టర్లకి, నర్సులకి ఇది ఊరికే సరదా సమాచారం కాదు.

సామెత ఒకటి. మనం పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డట్టు అంటాం. ఇంగ్లీష్‌లో 'అవుట్ ఆఫ్ ది ఫ్రయింగ్ పాన్, ఇంటు ది ఫైర్', అదే బొమ్మ. స్పానిష్ వాళ్ళు 'సలీర్ దె గ్వాతెమాలా ఇ ఎంత్రార్ ఎన్ గ్వాతెపెయోర్' అంటారు. గ్వాటెమాలా పేరులో 'మాలా', అంటే చెడ్డ, దాక్కుని ఉంది కదా, దాన్ని 'పెయోర్', అంటే ఇంకా చెడ్డ, చేసి ఒక లేని దేశాన్ని పుట్టించారు. ఈ చమత్కారం ఇంగ్లీష్‌లోకి రాదు, ఫ్రయింగ్ పాన్‌తో సరిపెట్టుకోండి. గ్వాటెమాలా వాళ్ళ ముందు మాత్రం కాస్త చూసుకుని వాడండి.

ఇంగ్లీష్‌లోనే ఎంపెయొరార్‌కి ఒక చుట్టం ఉంది, ఇంపెయిర్. రెండింటి వెనుకా ఉన్నది 'ఇంకా చెడ్డ' అనే లాటిన్ మాటే, ఇంపెయిర్ పాత ఫ్రెంచ్ మీదుగా వచ్చింది. కానీ ఎంపెయొరార్‌కి ఇంపెయిర్ దాదాపు ఎప్పుడూ కుదరదు. కుదిరేది వేరే చోట. డాక్టర్ రిపోర్టులో 'దెతెరియోరొ కొగ్నితీబొ లేబె' అని ఉంటే అది 'మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్'. చుట్టరికం ఒకరితో, పెళ్ళి ఇంకొకరితో.

[తెర మీద ఆసుపత్రి బులెటిన్ నమూనా]

రిపోర్టుల మాట వచ్చింది కాబట్టి ఒక వాక్యం కలిసి చేద్దాం. 'ఎల్ ఎస్తాదొ దెల్ పసియెంతె అబీయా ఈదొ ఎంపెయొరాందొ దెస్దె ఎల్ లూనెస్ ఇ అనోచె, అల్ కొంప్లికార్సె ల ఇన్ఫెక్సియోన్, సె అగ్రబో.' సోమవారం నుంచి రోగి పరిస్థితి క్షీణిస్తూ వచ్చింది, నిన్న రాత్రి ఇన్ఫెక్షన్ వల్ల చిక్కులు తలెత్తి మరింత తీవ్రమైంది.

మూడు క్రియలు, మూడు రకాలు. మొదటిది మెల్లగా జరిగింది, కాబట్టి 'హ్యాడ్ బీన్ గెటింగ్ స్టెడిలీ వర్స్ సిన్స్ మండే'. రెండోది 'ది ఇన్ఫెక్షన్ కాంప్లికేటెడ్' కాదు, 'వెన్ ది ఇన్ఫెక్షన్ లెడ్ టు కాంప్లికేషన్స్'. మూడోదానికి 'అగ్రవేటెడ్' రాదని ఇందాకే అనుకున్నాం. 'ఇట్ టుక్ ఎ సీరియస్ టర్న్' బాగుంటుంది.

ఇక్కడ తెలుగు చేయి పట్టుకుని లాగుతుంది. 'పరిస్థితి విషమించింది' అని మనసులో అనుకోగానే వేళ్ళు 'క్రిటికల్' అని టైప్ చేసేస్తాయి. అగ్రబార్సెలో ఉన్నది 'గ్రాబె', అంటే సీరియస్. స్పానిష్ బులెటిన్లలో గ్రాబె వేరు, క్రీతికొ వేరు, రెండోది ఇంకా పై మెట్టు. మూలంలో క్రీతికొ అని ఉంటేనే క్రిటికల్ అని రాయండి.