విశ్వాస ప్రమాణంలో ఒక్క మాట తీసేస్తే ఏం పోతుంది?

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

ఆదివారం ఆరాధనలో అపొస్తలుల విశ్వాస ప్రమాణం దగ్గరికి రాగానే సంఘమంతా లేచి నిలబడుతుంది. "పరలోక భూలోకముల సృష్టికర్తయగు" అని మొదలుపెట్టి "ఆమెన్" అనేదాకా నిమిషం కూడా పట్టదు. సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్ సంఘాల్లో పెరిగినవాళ్లకు చిన్నప్పుడే ఇది నోటికి వచ్చేస్తుంది. నోటికి వచ్చినంత తేలిగ్గా అర్థం రాదు. అందుకని ఈ రోజు ఒక పని చేద్దాం. ఇందులోని ఒక్కో మాటనూ తీసి పక్కన పెట్టి, అది లేకపోతే మన విశ్వాసంలో ఏది నిలవదో చూద్దాం. కన్ఫర్మేషన్ తరగతులు చెప్పే అయ్యగార్లు, సండే స్కూల్ టీచర్లు ఇదే పద్ధతిని పిల్లలతో చేయించి చూడండి. అర్థాలు రాయించి బట్టీ పట్టించడం కన్నా ఎక్కువ నిలుస్తుంది.

ముందు, ఇది ఎక్కడ పుట్టింది? పన్నెండుమంది అపొస్తలులు కూర్చుని తలా ఒక మాట చెప్పారని ఒక పాత కథ ఉంది. క్రీ.శ. 400 దాటాక రుఫినస్ అనే ఆయన దీన్ని రాసిపెట్టాడు. చరిత్రలో మాత్రం ఇది బాప్తిస్మపు నీళ్లలో పుట్టింది. తొలి శతాబ్దాల్లో బాప్తిస్మం పొందేవాణ్ణి నీళ్లలో నిలబెట్టి మూడు ప్రశ్నలు అడిగేవాళ్లు. తండ్రిని నమ్ముతున్నావా? కుమారుణ్ణి నమ్ముతున్నావా? పరిశుద్ధాత్మను నమ్ముతున్నావా? "నమ్ముతున్నాను" అన్న ప్రతిసారీ ఒక మునక. ఆ మూడు జవాబులే రోమా సంఘంలో పెరిగి పెద్దవై, 8వ శతాబ్దం నాటికి ఇప్పుడు మనం చెప్పే రూపానికి వచ్చాయి. మత్తయి 28:19లో తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ నామంలోకి బాప్తిస్మమివ్వమని ప్రభువు చెప్పిన మాటే దీనికి వెన్నెముక. వందలమంది కలిసి చెబుతున్నా "నమ్ముచున్నాము" అనకుండా "నమ్ముచున్నాను" అనేది కూడా అందుకే. నీళ్లలో నిలబడ్డవాడు తన జవాబు తానే చెప్పాలి. పసిపిల్లల బాప్తిస్మంలో తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు ఆ జవాబు చెబుతారు. కన్ఫర్మేషన్ రోజున బిషప్‌గారి ముందు ఆ పిల్లలే సొంతంగా చెబుతారు.

బాప్తిస్టు, బ్రదరెన్ సంఘాల్లో దీన్ని సాధారణంగా వల్లించరు. అంతమాత్రాన వాళ్లు ఇది నమ్మరని అనుకోకూడదు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఏటిలో బాప్తిస్టు సంఘంవాళ్లు ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ నామమూ ఇదే, ఆ విశ్వాసమూ ఇదే.

ఇప్పుడు మొదటి మాట, సృష్టికర్త. ఇది తీసేస్తే? 2వ శతాబ్దంలో మార్షియన్ అనే ఆయన తీసేశాడు. ఈ లోకాన్ని చేసిన దేవుడు వేరు, యేసు తండ్రి వేరు అన్నాడు. 144లో రోమా సంఘం ఆయన్ను వెలివేసింది. ఆయన మాటే నిజమైతే మట్టి, తిండి, పెళ్లి, ఒళ్లు అన్నీ తక్కువ రకం దేవుడి పనులైపోతాయి. పాత నిబంధనను మూసిపెట్టాల్సి వస్తుంది. మన సంఘాల్లో కోత పండగ చేసి ధాన్యం, కూరగాయలు బలిపీఠం దగ్గర పెడతామే, దానికి ఆధారం ఈ మొదటి వాక్యమే.

రెండో భాగంలో "ఆయన అద్వితీయ కుమారుడు". ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే, ఎక్కువగా త్రిత్వాన్ని, అంటే తండ్రి, కుమారుడు, ఆత్మ ముగ్గురూ ఒకే దేవుడన్న సంగతిని వివరించబోయి. పిల్లలకు చెప్పేటప్పుడు చాలామంది నీళ్ల పోలిక వాడతారు: అదే నీరు మంచు అవుతుంది, ఆవిరి అవుతుంది అని. దయచేసి ఇది మానేయండి. అవే నీళ్లు ఒకే సమయంలో మంచుగా, ఆవిరిగా, నీరుగా ఉండలేవు. అంటే దేవుడు ఒకప్పుడు తండ్రిగా, తర్వాత కుమారుడిగా, ఆ తర్వాత ఆత్మగా వేషం మార్చాడని మనకు తెలియకుండానే చెప్పేస్తాం. 3వ శతాబ్దంలో సబెల్లియస్ పేరుతో సంఘం తోసిపుచ్చిన బోధ సరిగ్గా ఇదే. దీనికి బదులు యొర్దాను దగ్గర జరిగింది చదివించండి, మత్తయి 3:16, 17. కుమారుడు నీళ్లలో నుంచి ఒడ్డుకు వస్తున్నాడు, ఆత్మ పావురంలా దిగుతోంది, తండ్రి స్వరం ఆకాశం నుంచి వినిపిస్తోంది. ముగ్గురూ ఒకే క్షణంలో ఉన్నారు. ఒకరు ఇంకొకరు కారు. దేవుడు మాత్రం ఒక్కడే. ఇంతకన్నా సులువు చేయబోతే ఏదో ఒకటి తప్పుతుంది.

రెండోవైపు తప్పు అరియస్ అనే బోధకుడిది. కుమారుడు గొప్పవాడే, కానీ ఆయన కూడా సృష్టింపబడినవాడే అన్నాడు. 325లో నైసియాలో కూడిన బిషప్పుల సభ దీన్ని ఖండించి, కుమారుడు తండ్రితో ఏకతత్వం గలవాడని రాసింది. ప్రభు భోజన ఆరాధనలో చెప్పే పొడుగు విశ్వాస ప్రమాణం అక్కడ మొదలైంది, 381లో కాన్‌స్టాంటినోపుల్ సభతో దాదాపు ఇప్పటి రూపానికి వచ్చింది. అరియస్ మాట ఒప్పుకుంటే పోయేది రక్షణ. సృష్టింపబడినవాడు తోటి సృష్టిని దేవుడితో కలపలేడు.

తర్వాత పొంతి పిలాతు. పాపం లేని ప్రభువు పేరు, మరియ పేరు ఉన్నచోట ఈ రోమా అధికారి పేరెందుకు? ఈ మొత్తం ప్రమాణంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించే మాట ఇదే. "అనగనగా ఒక కాలంలో" అని చెప్పకుండా తేదీ వేస్తుంది ఇది. పిలాతు క్రీ.శ. 26 నుంచి 36 వరకు యూదయను పాలించాడు. 1961లో కైసరయలో దొరికిన రాతి పలక మీద అతని పేరు ఉంది. యేసుకు నిజమైన శరీరం లేదు, బాధపడినట్టు కనిపించాడంతే అని చెప్పేవాళ్లు తొలి రోజుల్లోనే బయల్దేరారు. 2వ శతాబ్దం మొదట్లో అంతియొకయ బిషప్ ఇగ్నేషియస్, హతసాక్షి కావడానికి రోమాకు వెళ్తూ, దారిలో రాసిన ఉత్తరంలో పిలాతు కాలంలో ఆయన నిజంగా హింసింపబడ్డాడని నొక్కి చెప్పాడు. పిలాతును తీసేస్తే సిలువ ఒక గొప్ప భావంగా మిగులుతుంది. జరిగిన సంగతిగా మిగలదు.

"అదృశ్యలోకములోనికి దిగెను" అన్నప్పుడు చాలామంది తడబడతారు. రోమా సంఘపు పాత రూపంలో ఈ మాట లేదు, తర్వాత చేరింది. దీనికి అర్థం ఒక్కటే కాదు. లూథరన్లు క్రీస్తు విజయ ప్రకటనగా చూస్తారు. సిలువ మీద ఆయన అనుభవించిన వేదనే ఇది అన్నాడు సంఘ సంస్కర్త కాల్విన్. అందరూ ఒప్పుకునేది ఇంతే: ఆయన సగం చావు చావలేదు, చనిపోయినవాళ్లు ఉండేచోటికి వెళ్లాడు, అక్కడ విడువబడలేదు. అపొస్తలుల కార్యములు 2:31 చూడండి. చనిపోయినవాళ్లకు మారుమనస్సుకు రెండో అవకాశం ఉందని దీన్ని పట్టుకుని బోధించడం ఈ వాక్యం మోయలేని బరువు.

మూడో భాగంలో "పరిశుద్ధ సార్వత్రిక సంఘము, పరిశుద్ధుల సహవాసము" అంటాం. ఇది అన్ని దేశాల, అన్ని కాలాల విశ్వాసుల సంఘం. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సి.ఎస్.ఐ. ఏర్పడినప్పుడు ఆంగ్లికన్లు, మెథడిస్టులు, కాంగ్రిగేషనలిస్టులు, ప్రెస్బిటేరియన్లు ఒక్కటయ్యారంటే ఈ వాక్యాన్ని పనిలో పెట్టినట్టే. కానీ మన ఊళ్లలో మాలపల్లె చర్చి వేరు, మాదిగపల్లె చర్చి వేరు అయిన చోట్లు ఇంకా ఉన్నాయి. ఒకే ప్రమాణం చెప్పి, ఒకే రొట్టె విరిచి, పెళ్లి సంబంధం దగ్గర కులం అడగడం ఇంకా ఉంది. కొరింథులో కలిసి తినని విశ్వాసుల్ని పౌలు ఎంత గట్టిగా మందలించాడో 1 కొరింథీయులు 11లో చదవండి. ఈ వాక్యాన్ని ఎవరూ నోటితో తీసేయరు. ఇలా తీసేస్తారు.

చివరికి "శరీర పునరుత్థానము". మన మధ్య సమాధి దగ్గర జరిగే ప్రసంగాల్లో ఎక్కువగా వినిపించేది "ఆత్మ ప్రభువు దగ్గరికి వెళ్లింది" అనే మాట. అది నిజమే, ఓదార్పే. అక్కడితో ఆపేస్తేనే కొరత. శరీరం పాత బట్టలాంటిది, ఆత్మే అసలు మనిషి అన్న ఆలోచన మన చుట్టూ ఎప్పటినుంచో ఉంది. అది తెలియకుండానే పెట్టెతో పాటు సమాధి దగ్గరికి వచ్చేస్తుంది. ప్రమాణం చెప్పేది వేరు. దేవుడు చేసిన శరీరాన్నే దేవుడు లేపుతాడు, మహిమగా మార్చి లేపుతాడు. 1 కొరింథీయులు 15 మొత్తం దీని గురించే. క్రీస్తు లేపబడకపోతే మన విశ్వాసం వ్యర్థమని పౌలు తెగేసి చెప్పింది అక్కడే. ఈస్టర్ తెల్లవారుజామున కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకు వెళ్లేది ఈ నమ్మకంతోనే.

మరి కాల్చేసిన శరీరం, సముద్రంలో పోయిన శరీరం సంగతేంటని పిల్లలు తప్పకుండా అడుగుతారు. 177లో ఇప్పటి ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఇదే జరిగింది. హతసాక్షుల శవాలను కాల్చి, బూడిదను రోన్ నదిలో కలిపేశారు. ఇక లేవరని చంపినవాళ్ల ధీమా. అక్కడి సంఘం భయపడలేదు. మట్టిలోంచి చేసినవాడికి బూడిదలోంచి లేపడం కష్టం కాదు.

ఒక మాట మిగిలింది. ప్రమాణం మరియ దగ్గర నుంచి నేరుగా పిలాతు దగ్గరికి వెళ్లిపోతుంది. కొండమీది ప్రసంగం లేదు, ఉపమానాలు లేవు, స్వస్థతలు లేవు. ఇది బాప్తిస్మపు జవాబు, సువార్త మొత్తం కాదు. అందుకే సంఘ సంస్కర్త లూథర్ 1529 నాటి చిన్న ప్రశ్నోత్తరిలో దీనికి ముందు పది ఆజ్ఞలు, తర్వాత ప్రభువు ప్రార్థన, ఆపైన బాప్తిస్మం, ప్రభు భోజనం పెట్టాడు. కన్ఫర్మేషన్ తరగతుల్లో విశ్వాస ప్రమాణానికి కనీసం మూడు వారాలు ఇవ్వండి, భాగానికి ఒక వారం. ప్రతి వారం ఒక సువార్త అధ్యాయం ఇంట్లో చదివి రమ్మనండి. పిల్లలకు ఆ మధ్యలో వదిలేసిన యేసు కూడా తెలియాలి.