ఉప్పు వెంట నీళ్లు: దోమ ఒంట్లో ఊట

అందరికీ నమస్కారం.

డెంగీని మోసే ఈడిస్ ఈజిప్టై దోమ రక్తం పీలుస్తుండగా భూతద్దం పెట్టి చూస్తే ఒక సంగతి కనబడుతుంది. అది ఇంకా తాగుతూనే ఉంటుంది, పొట్ట ఎర్రగా ఉబ్బుతూనే ఉంటుంది. ఈలోపే వెనక కొసన తేటనీటి బొట్టు ఒకటి ఊరి రాలిపోతుంది. ఆ వెంటనే ఇంకొకటి. తాగడం మొదలైన ఒకటి రెండు నిమిషాలకే ఈ వరస!

అంత తొందరెందుకు? ఆడదోమ ఒక్కసారికి తన ఒంటి బరువంత, ఒక్కోసారి అంతకు మించి రక్తం తాగుతుంది. గుడ్ల కోసం దానికి కావలసింది మాంసకృత్తులు. కానీ వాటితోపాటు రక్తంలోని ద్రవభాగం, ప్లాస్మా కూడా లోపలికి వస్తుంది, అందులో చాలా భాగం నీళ్లూ ఉప్పూనే. ఆ బరువుతో సరిగా ఎగరలేదు, దెబ్బ తప్పించుకోలేదు. ఉప్పు ఒంట్లో నిలిచిపోతే అసలు బతకడమే కష్టం.

ఈ ఉప్పునీటిని బయటికి తోసేవి మాల్పీజియన్ నాళికలు. 17వ శతాబ్దంలో ఇటలీ శాస్త్రవేత్త మార్సెల్లో మాల్పీజీ పట్టుపురుగులో వీటిని వర్ణించాడు, ఆయన పేరే వీటికి నిలిచింది. దోమకు ఇవి ఐదు. ఒక కొస మూసుకుని రక్తలింఫలో, అంటే దోమకు రక్తంలా పనిచేసే ద్రవంలో, తేలుతుంటుంది, రెండో కొస పేగులోకి తెరుచుకుంటుంది.

మన మూత్రపిండం రక్తపు ఒత్తిడితో వడపోస్తుంది. దోమలో రక్తలింఫ ఒంటి ఖాళీల్లో పారుతుంది కాబట్టి వడపోతకు చాలినంత ఒత్తిడి ఉండదు. మాగాయకు మామిడి ముక్కలు తరిగి ఉప్పు పట్టిస్తే తెల్లారేసరికి ఊట దిగుతుంది కదా, నాళిక చేసేదీ అలాంటిదే. దాని గోడలోని కణాలు ప్రోటాన్ పంపు (హైడ్రోజన్ అయాన్లను నెట్టే ప్రోటీన్) ఇచ్చే శక్తితో సోడియం, పొటాషియంలను లోపలి వైపుకు తోస్తాయి. క్లోరైడ్ కూడా వచ్చి చేరుతుంది. ఉప్పు ఎటు పోతే నీళ్లూ అటే.

మరి ఇప్పుడే పోయాలని, ఇంత వేగంగా పోయాలని నాళికకు చెప్పేదెవరు? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి ముందు ఊటను కొలవాలి. కేంబ్రిడ్జిలో జె. ఎ. రామ్సే 1950లలో చూపిన పద్ధతి నాకు ఇప్పటికీ అబ్బురమే. నాళికను ఉప్పునీటి చుక్కలో ఉంచి, పైన నూనె కప్పి, తెగిన కొసను నూనెలోకి లాగి పెడతారు. ఆ కొసన ఊట గుండ్రని ముత్యంలా చేరుతుంది. దాని అడ్డుకొలత తీస్తే చాలు, ఘనపరిమాణం లెక్క తేలిపోతుంది.

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో క్లాస్ బేయెన్‌బాక్ బృందం దోమ తలల నుంచి తీసిన సారాన్ని నాళికలకు తగిలించి చూసింది. ఊట పెరిగింది, అందులో సోడియమూ పెరిగింది. తలలో ఏదో సందేశం తయారవుతోందని 1985లో రాశారు. ఆ సందేశాన్ని 2005లో మలేరియా దోమలో గుర్తుపట్టారు: 31 అమైనో ఆమ్లాలు గొలుసుగా చేరిన చిన్న పెప్టైడ్, ఒక హార్మోన్. మన థైరాయిడ్ గ్రంథి చేసే కాల్సిటోనిన్ హార్మోన్‌కు దూరపు చుట్టం! అది నాళిక కణాల్లో సైక్లిక్ ఏఎంపీని, అంటే కణం లోపల కబురు మోసే అణువును, పెంచి, సోడియానికి దారి తెరుస్తుంది. తాగిన ప్లాస్మాలో ఎక్కువగా ఉన్న లవణం సోడియందే కదా. ఏ లవణం ముందు పోవాలో కూడా హార్మోనే చెబుతోందన్నమాట.

కైనిన్లనే మరో రకం పెప్టైడ్‌లు క్లోరైడ్ దారిని వెడల్పు చేస్తాయి. వాటి కబురు అందుకునే గ్రాహకాలు ఉండేది నాళిక గోడలోని నక్షత్ర కణాల్లో. ఇక పని కాగానే ఆపాలి, లేకుంటే దోమ ఎండిపోతుంది. ఆపే పెప్టైడ్‌లూ ఉన్నాయి, కాపా అంటారు. కాల్సిటోనిన్ చుట్టం తెరిచిన ఊటను అవి తగ్గిస్తాయని కెనడాలోని యార్క్ విశ్వవిద్యాలయం వాళ్లు ఈడిస్ దోమలోనే చూపించారు.

నేను దీన్ని ఇంత పట్టుగా చెప్పడానికి కారణం ఉంది. మనం వాడే దోమమందుల్లో చాలావరకు దోమ నరాల మీదే దెబ్బ కొడతాయి, వాటిని తట్టుకునే దోమలు పెరుగుతున్నాయి. నాళిక దగ్గర కొట్టవచ్చా? 2013లో అమెరికాలోని వాండర్‌బిల్ట్, ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయాల వాళ్లు నాళికలోని పొటాషియం దారులను మూసే ఒక రసాయనాన్ని ఈడిస్ దోమలకు ఎక్కించారు. ఒక రోజు తిరిగేసరికి అవి ఎగరలేకపోయాయి. పొట్టలు నీటితో ఉబ్బిపోయి ఉన్నాయి.