ఫ్యాను కింది మిషను

(బెంగళూరులో తెలుగువాళ్ల ఆదివారం సమావేశంలో ఒక నర్సు ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఆహ్వానం మీద "మహిళల ఆరోగ్యం" అని వేశారు. అసలు సంగతి ముట్లాగిపోయే వయసు గురించి. ఆ మాట అచ్చు వేయడానికి మొహమాటపడినట్టున్నారు. పర్లేదు, మైకు నా చేతికొచ్చింది.

నేను పీణ్య వైపు ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో ఫస్ట్ ఎయిడ్ గది చూసుకుంటాను. మా లైన్లలో హిందూపురం, మదనపల్లె వైపు వాళ్లు బోలెడుమంది. ఒక మధ్యాహ్నం కాలర్లు కుట్టే అక్క వచ్చింది. పై పెదవి మీద చెమట, జాకెట్టు వీపంతా తడి. "సిస్టర్, గుండెల కాడ్నుంచి మొగం దాకా సెగ పుడతాండాది. రెండు నిమిషాలే. ఆనక చలి." జ్వరం లేదు, బీపీ మామూలే. వెనకాలే సూపర్‌వైజర్ వచ్చాడు, పని ఎగ్గొట్టడానికే ఈ వేషాలని. అక్క వయసు 42. నెలసరి ఎప్పుడాగిందని అడిగితే, "యాడిది సిస్టర్, గర్భసంచి తీసేసి ఎనిమిదేండ్లాయ" అంది.

ఇది మన తెలుగువాళ్ల కథ, అందుకే కాసేపు చెబుతాను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 3 శాతం చిల్లర. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో 8 దాటారు. పిల్లలు పుట్టేశారు కదా, తీసేస్తే పీడా పోతుందంటారు. అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుంది. వాటిని ఉంచినా అవి ముందుగానే అలిసిపోవచ్చు. మామూలుగా వరసగా 12 నెలలు ముట్టు రాకపోతే మెనోపాజ్ అంటాం, మన దేశంలో సగటున 46, 47 ఏళ్లకి. ముట్టే లేని మనిషికి ఆ లెక్క ఎక్కడినుంచి పెట్టాలి?

ఈస్ట్రోజెన్ తగ్గితే మెదడులో ఒంటి వేడిని చూసుకునే భాగం అతిగా బెదురుతుంది. పిసరంత వేడికే కొంప అంటుకున్నట్టు చెమట పట్టించేస్తుంది. రాత్రి నాలుగుసార్లు ఇదే జరిగితే నిద్రెక్కడిది? పొద్దున బాబిన్ ఎక్కడ పెట్టిందో గుర్తుండదు, పక్కవాళ్ల మీద చిరాకు. కంటికి కనపడనిది ఎముక. తొలి ఐదారేళ్లలో గబగబా గుల్లబారుతుంది. గుండెజబ్బు ముప్పూ పెరుగుతుంది. ఇంకొకటి, ముట్లాగి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనిపిస్తే, ఎంత కొంచెమైనా సరే, వెంటనే డాక్టరుకి చూపించాలి.

ఈ సెగలకి ఇచ్చే హార్మోన్ మందులంటే, వాటితో నష్టమే ఎక్కువన్న 2002 నాటి అమెరికా అధ్యయనం తర్వాత అందరూ హడలిపోయారు. ఆ లెక్కలే తిరగేసి చూస్తే, 60 లోపు, ముట్లాగి పదేళ్లు దాటనివాళ్లలో చాలామందికి నష్టం కన్నా మేలే ఎక్కువని తేలింది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకి, రక్తం గడ్డలు కట్టినవాళ్లకి మామూలుగా ఇవ్వరు. డాక్టరు తేల్చాల్సిన విషయం ఇది, మందుల షాపు కుర్రాడు కాదు.

కర్ణాటకలో 2025లో నెలకో రోజు జీతంతో నెలసరి సెలవు వచ్చింది, 52 ఏళ్ల దాకా. మంచిదే. మా కాలర్లక్కకి నెలసరే లేదు, ఆవిడ సెగలకి ఏ సెలవు? ముందు వరసలో హెచ్‌ఆర్ వాళ్లు ఇద్దరున్నారు, అడుగుతున్నది మిమ్మల్నే.

మేం చేసింది చిన్నదే. ఆవిడ మిషను ఆవిరి ఇస్త్రీ టేబుళ్ల పక్కనుంచి ఫ్యాను కిందికి జరిపించాను. లైను చెడుతుందని సూపర్‌వైజర్‌తో రెండు వారాలు గొడవ. నీళ్ల సీసా దగ్గర పెట్టుకోనిచ్చారు. టాయిలెట్‌కి చెయ్యెత్తి అడిగే పద్ధతి తీయించాను. వెళ్లాల్సొస్తుందని నీళ్లే తాగరు మరి, తర్వాత మూత్రంలో మంటని నా దగ్గరికే వస్తారు. నెల తర్వాత ఆ సూపర్‌వైజరే వచ్చి, "మా అమ్మ కూడా రాత్రిళ్లు లేచి వాకిట్లో కూర్చుంటుంది, ఇదేనా సిస్టర్?" అన్నాడు.

వెనక బల్ల మీద బీపీ మిషను పెట్టాను. కాఫీకి వెళ్లేముందే చూపించుకోండి, తాగొస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది.