పిల్లల సీరంలో ఐఎల్-6 కొలవడం: ట్యూబ్ నుంచి ఎలైజా రీడింగ్ దాకా

నమస్తే అండి. డెంగీ వచ్చిన పిల్లల సీరంలో, అంటే రక్తం గడ్డ కట్టాక పైన తేలే నీటిలో, ఐఎల్-6 ఎలా కొలవాలో ఇవాళ చూద్దాం. ఐఎల్-6 అంటే ఇంటర్‌ల్యూకిన్-6, ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు కణాలు వదిలే సంకేత ప్రోటీన్. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఎంతుందో చూడ్డానికి డాక్టర్లు మామూలుగా రాసేది సీఆర్‌పీ అనే ప్రోటీన్ టెస్ట్ కదా, మరి ఇదెందుకు? సీఆర్‌పీని చేసేది లివర్. చెయ్యమని లివర్‌ని తట్టి లేపేది ముఖ్యంగా ఈ ఐఎల్-6. అందుకే ఇది ముందు పెరుగుతుంది, సీఆర్‌పీ కొన్ని గంటలు ఆగి పెరుగుతుంది. పైగా వైరల్ జ్వరాల్లో సీఆర్‌పీ చాలాసార్లు అంతగా పెరగదు. ఇది రీసెర్చ్ కోసం చేసే పద్ధతి. ఈ నంబర్ పట్టుకుని వైద్యం మొదలుపెట్టకండి.

ముందు బ్లడ్. అమ్మానాన్నల సంతకం అయ్యింది, ఎథిక్స్ అనుమతి ఉంది, సరే. సీబీపీ కోసం ఎలాగూ సూది వేస్తారు, అప్పుడే ఎర్ర మూత ట్యూబ్‌లో ఒక ఎంఎల్ తీసుకుంటే పిల్లకి రెండో పోటు తప్పుతుంది. అరగంట నిలబెట్టి ఉంచండి, గడ్డ కడుతుంది. తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో స్పిన్, 1000 జీ, అంటే గురుత్వాకర్షణకి వెయ్యి రెట్ల బలంతో, పది నిమిషాలు.

ఇక్కడ ఆగుదాం, అసలు సంగతి ఇదే. శాంపిల్ ములుగులోనో, భూపాలపల్లిలోనో తీసి, హనుమకొండ ల్యాబ్‌కి వచ్చాక స్పిన్ చేద్దాంలే అనుకుంటారు. వద్దు. ట్యూబ్‌లో రక్త కణాలు ఇంకా బతికే ఉంటాయి. దారిపొడుగునా వాటి పని అవి చేస్తుంటాయి, ఐఎల్-6 వదలొచ్చు. అప్పుడు మీరు కొలిచేది పిల్ల ఒంట్లోదా, బస్సులో ట్యూబ్‌లో తయారైందా? చెప్పలేం. ఎక్కడ తీస్తే అక్కడే స్పిన్ చెయ్యండి, సీరం వేరు చేసి ఐస్ డబ్బాలో పంపండి. స్పిన్ చేసి, సీరం తీసి, అప్పుడు బస్సు. ఈ వరుస మారకూడదు.

స్క్రీన్ మీద రెండు ట్యూబులు చూడండి. ఎడమది ఎండుగడ్డి రంగు, బాగుంది. కుడిది గులాబీ. పిల్ల ఏడుస్తుంటే చెయ్యి గట్టిగా పిండి తీశారన్నమాట, ఎర్ర కణాలు పగిలాయి. దాన్ని పక్కన పెట్టి, రిజిస్టర్‌లో రాయండి. ఇంకోటి, డెంగీలో రక్తం చిక్కబడుతుంది, సీరం తక్కువొస్తుంది. అడుగు దాకా లాగకండి, గడ్డ కూడా పైకొస్తుంది. చిన్న చిన్న వయల్స్‌లో పంచి మైనస్ 80లో పెట్టండి. ఒకే వయల్‌ని మాటిమాటికీ కరిగించి మళ్లీ గడ్డకట్టించొద్దు.

ఇక ఎలైజా ప్లేట్. దీని చిన్న చిన్న బావుల అడుగున ఐఎల్-6ని పట్టుకునే యాంటీబాడీ ఉంటుంది, ఎంత ఎక్కువ పట్టుకుంటే చివర్లో అంత ఎక్కువ రంగు. స్టాండర్డ్, అంటే ఐఎల్-6 ఎంతుందో ముందే తెలిసిన ద్రవం, ఈ కిట్‌లో ఎంఎల్‌కి 300 పికోగ్రాముల దగ్గర మొదలు, సగం సగం చేసుకుంటూ 150, 75, అలా కిందికి. ప్రతిసారీ టిప్ మార్చండి. ప్రతి శాంపిల్ రెండు బావుల్లో వెయ్యండి. రెండు గంటలు ఇంక్యుబేషన్. కిట్ షీట్‌లో రూమ్ టెంపరేచర్ అంటే 20 నుంచి 25 డిగ్రీలు. మే నెలలో వరంగల్ గదిని రూమ్ టెంపరేచర్ అనరు, ఏసీ వేసుకోండి. లేదంటే అంచు బావులు ముందు వేడెక్కి, రీడింగ్ లోపలి బావులకీ వాటికీ కలవదు.

వాష్. నాకైతే వాష్ బాటిల్ కంటే మల్టీఛానల్ పిపెట్టే ఇష్టం, ప్రతి బావికీ ఒకే కొలత పడుతుంది. బోర్లించి, టిష్యూ మీద ఇలా... ఇలా కొట్టాలి. ఇంకా గట్టిగా. చుక్క మిగలకూడదు. బఫర్‌లో సోడియం అజైడ్ ఉంటే మాత్రం వాడకండి, అది రంగు తెప్పించే హెచ్‌ఆర్‌పీ ఎంజైమ్‌ని ఆపేస్తుంది, రంగు రాదు.

మిగతావి వరుసగా: ఐఎల్-6కి అంటుకునే డిటెక్షన్ యాంటీబాడీ, వాష్, ఆ యాంటీబాడీకి ఎంజైమ్‌ని తగిలించే స్ట్రెప్టావిడిన్-హెచ్‌ఆర్‌పీ, మళ్లీ వాష్, ఆ ఎంజైమ్ తగిలితే రంగు మారే టీఎంబీ. టీఎంబీకి వెలుతురు పడదు, ఫాయిల్ కప్పండి. నీలం వచ్చింది కదా? స్టాప్ సొల్యూషన్ వేస్తే పసుపు. ఆలస్యం చెయ్యకుండా 450 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీసుకోండి.

స్టాండర్డ్‌ల రీడింగులతో గీసే కర్వ్‌కి సాఫ్ట్‌వేర్‌లో ఫోర్ పీఎల్, అంటే వంపు గీతకి సరిపోయే లెక్క, పెట్టండి, గీత స్కేలుతో గీసినట్టు తిన్నగా రాదు. శాంపిల్ రీడింగ్ అన్నిటికంటే పెద్ద స్టాండర్డ్‌ని దాటితే ఆ నంబర్ రాయొద్దు, డైల్యూట్ చేసి మళ్లీ రన్ చెయ్యండి, డైల్యూషన్ ఎంతో అంతతో గుణించండి. ఫైల్‌కి పిల్ల పేరు పెట్టకండి, కోడ్ నంబర్ చాలు. ఇదిగో, ఇలా సేవ్ కొట్టాను.