నిట్టూర్పులో ఉన్నది పొడవే

సభకు నమస్కారం. పర్లాకిమిడిలో తెలుగు మాట గురించి ప్రసంగించేవారు గిడుగు రామమూర్తిగారిని తలుచుకోకుండా మొదలుపెట్టలేరు. అయితే ఈ రోజు నాకు ఆసరాగా నిలిచేది ఆయన వాడుక భాష కాదు, 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణం. గిడుగువారి ఊళ్ళోనే ఈ సాహసం చేస్తున్నందుకు పెద్దలు మన్నించాలి.

నిట్టూర్పు అన్న మాట వినగానే అది సంస్కృత నిశ్వాసానికి వికృతి అనిపించవచ్చు. కాదు, అది అచ్చతెలుగు సమాసం. కుఱు, చిఱు, కడు, నడు, నిడు అనే మాటల చివరనున్న ఱ, డ లకు అచ్చు పరమైనప్పుడు జంట టకారం వస్తుందని సూరి సూత్రం. ఆ దారిలోనే చిఱు ఎలుక చిట్టెలుక అయింది, నడు ఇల్లు నట్టిల్లు అయింది, నిడు ఊర్పు నిట్టూర్పు అయింది. నిడు అంటే పొడవైన. నేటికీ మనం సినిమా నిడివి అంటున్నామంటే ఆ మాట వల్లనే. ఊర్పు అంటే ఊపిరి. (కళ్ళంలో జరిగే నూర్పుతో దీనికి చుట్టరికం లేదు.) విడిగా ఊర్పు అనేవారు నేడు లేరు, కావ్యాలను పక్కన పెడితే అది ఈ సమాసంలోనే బతికి ఉంది.

గమనించండి, ఈ నిర్మాణంలో దుఃఖం ఎక్కడా లేదు, ఉన్నది పొడవే. కన్నడిగుల నిట్టుసిరు కూడా నిడు ఉసిరే; మన వీధిలో ఒడియావారు చెప్పే దీర్ఘశ్వాస, వేరే భాషాకుటుంబపు మాటైనా, అదే కొలత చెబుతుంది. శరీరధర్మమూ దీనికి తగినట్టే ఉంది: ఊపిరితిత్తుల్లో ముడుచుకుపోయిన గాలి అరలను తిరిగి తెరవడానికి మనిషి గంటకు సుమారు 12 సార్లు, ఏ విచారమూ లేకుండానే, తనకు తెలియకుండానే, దీర్ఘంగా శ్వాసిస్తాడు.

గురక సంగతి వేరు. అది చప్పుడును అనుకరించి పుట్టిన మాట కనుక విడదీసి చూపడానికి అందులో ఏమీ లేదు.

మరి నిట్టూర్పుకు విచారం ఎలా అంటింది? వాడుకే అంటించింది. బిడ్డ పరీక్ష తప్పితే తండ్రి నిట్టూరుస్తాడు. అదే బిడ్డ గట్టెక్కితే హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంటాడు. ఆ రెండో సందర్భంలో నిట్టూర్చాడని రాస్తే తెలుగు చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది, ఎందుకంటే మన భాష దిగులును వదిలే ఊపిరికీ, ఊరటను పీల్చే ఊపిరికీ అప్పగించింది.